తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(యానాంలో యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం అంశం ఏమిటని నిర్వాహకులు అడిగినప్పుడు, "టోయింగ్‌లో దెబ్బతిన్న పాత అంబాసిడర్ కారు" అన్నాను. వాళ్లు నవ్వారు. సామాజిక న్యాయం గురించి మాట్లాడే అయ్యగారికి కార్ల గోల ఎందుకు అనుకుని ఉంటారు. అయితే నిరుడు వర్షాకాలంలో ఆ కారు నాకు న్యాయం గురించి, క్షమాపణ గురించి ఒక మంచి పాఠమే నేర్పింది. దానిని మీ ముందుంచాలని ఆశపడుతున్నాను.

మా సంఘంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయనను మాస్టారు అనే పిలుస్తాం. ఆయనకు 1978 నాటి అంబాసిడర్ ఉంది. ఆ కారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారయ్యేది. 2014 మే నెలలో అక్కడ తయారీయే ఆగిపోయింది. మాస్టారి బండి మాత్రం ఆగలేదు. రాత్రివేళ ఎవరికైనా నొప్పులు వచ్చినా, గుండె పట్టేసినా కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ బండే. డీజిల్‌కి డబ్బులు లేవన్న ఇంటివారిని కూడా ఆయన ఎక్కించుకున్నారు, ఆ బండి పెట్రోలుదే అయినా!

ఒకరోజు క్లచ్ పోయి బండి కదల్లేదు. పాత అంబాసిడర్ సంగతి తెలిసిన మేస్త్రి కాకినాడలో ఉన్నాడు. ఒక క్రేన్ యజమానికి ఫోను చేశారు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు క్రేన్ వేసుకొచ్చాడు. ముందు బంపర్‌కి గొలుసు తగిలించి, ముందు చక్రాలు పైకెత్తి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లేలా లాక్కెళ్లాడు. తాళ్లరేవు దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర గొలుసు జారింది. బండి ముందు భాగం రోడ్డుకు కొట్టుకుంది. బంపర్ వంగింది, గ్రిల్ చితికింది, ఎడమ మడ్‌గార్డ్ నొక్కుకుపోయింది. షెడ్డుకు చేరాక గేర్‌బాక్స్‌లోంచి కూడా శబ్దం వచ్చింది.

ఇక్కడ బండ్లు నడిపే తమ్ముళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అంబాసిడర్‌కి ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. ఇంజిన్ ఆపేసి వెనక చక్రాలను దూరం దొర్లిస్తే, న్యూట్రల్‌లో ఉన్నా సరే, గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్‌ని పైకి చిమ్మే పళ్లచక్రాలు మాత్రం తిరగవు. బేరింగులు ఎండిపోయి అరుగుతాయి. అందుకే అలాంటి బండిని మొత్తంగా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించాలి, లేదా వెనక చక్రాలు ఎత్తాలి, లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి లాగాలి. బంపర్‌కి గొలుసు ఎప్పుడూ కట్టకూడదు.

ఆ సాయంత్రం మాస్టారు నాకు ఫోను చేశారు. "వదిలేద్దామండి అయ్యగారూ. కుర్రాడు మన పక్క ఊరి సంఘం పిల్లాడే. గొడవెందుకు?" అన్నారు. నేనూ సంతోషించాను, క్షమించే మనసు అని. మర్నాడు ఆ కుర్రవాడి తల్లి మా ఇంటికి వచ్చింది. క్రేన్ యజమాని నష్టమంతా కుర్రవాడి జీతంలో కోస్తానన్నాడట. అతని జీతం నెలకు పన్నెండు వేలు. మాస్టారు క్షమించారు, భారం మాత్రం అందరికన్నా బలహీనుడి మీదికి జారిపోయింది.

ప్రియులారా, అప్పుడు నాకు అర్థమైంది. లెక్క తేల్చకుండా "వదిలేద్దాం" అంటే నష్టం మాయమైపోదు. ఎవరికి నోరు లేదో వారి నెత్తిన కూర్చుంటుంది.

ఆ రాత్రి నిర్గమకాండము 22వ అధ్యాయము తెరిచాను. 7వ వచనం నుండి 15వ వచనం వరకు ఇంటికి వెళ్లి చదవండి. మనం సాధారణంగా దాటవేసే భాగమిది. పొరుగువాడి చేతికి గాడిదనో ఎద్దునో అప్పగించినప్పుడు దానికి హాని జరిగితే ఏం చేయాలో దేవుడు వివరంగా చెప్పాడు. కాపాడమని ఇచ్చినది దొంగల పాలైతే ఒక తీర్పు. క్రూరమృగం చీల్చితే మరొక తీర్పు, అప్పుడు చీలిన దానినే సాక్ష్యంగా తెచ్చి చూపాలి. ఎరువు తెచ్చుకున్నది చెడిపోతే, యజమాని దగ్గర లేకపోతే ఒక తీర్పు, దగ్గర ఉంటే ఇంకొకటి. అద్దెకు తెచ్చినదైతే వేరొకటి. చూశారా, దేవుడు "అందరూ సర్దుకుపొండి" అని ఊరుకోలేదు. వస్తువు ఎవరి చేతిలో ఉంది, ఏ షరతు మీద ఉంది, సాక్ష్యం ఏమిటి అని అడిగాడు. పేదవాడికి ఆ ఒక్క ఎద్దే బ్రతుకు కాబట్టి అడిగాడు.

మన దేశ చట్టం కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ఒక పని కోసం వస్తువును చేతిలోకి తీసుకున్నవాడు, వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దానిని చూసుకోవాలి. క్రేన్ యజమానికీ అంతే, షెడ్డు యజమానికీ అంతే, బట్టలు కుట్టడానికి తీసుకున్న దర్జీకీ అంతే.

"అయ్యగారూ, బిల్లు వెనక 'ఓనర్స్ రిస్క్' అని అచ్చు వేసి ఉంది కదా" అంటారు. క్రేన్ యజమాని కూడా నాకు అదే చూపించాడు. దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు ఒకాయన తన మారుతి జెన్‌లో వెళ్లి, పార్కింగ్ కోసం తాళంచెవి హోటల్ మనిషికి ఇచ్చాడు. చేతికిచ్చిన చీటీ మీద బాధ్యత యజమానిదేనని రాసి ఉంది. కారు దొంగతనమైంది. బీమా కంపెనీ అతనికి డబ్బు చెల్లించి, తర్వాత హోటల్ మీద కేసు నడిపింది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: తాళంచెవి తీసుకుని బండిని తన అధీనంలో ఉంచుకున్న తర్వాత, తన నిర్లక్ష్యానికి బాధ్యత లేదని చీటీ మీద రాసుకుని హోటల్ తప్పించుకోలేదు. నిర్లక్ష్యం జరగలేదని చూపించవలసిన భారం కూడా మొదట హోటల్ మీదే ఉంటుంది. అంటే ప్రశ్న ఇదే: తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

మాస్టారు తాళంచెవి కుర్రవాడి చేతిలో పెట్టారు. కానీ ఆ చేయి యజమాని తరఫున చాచిన చేయి. కూలివాడు పనిలో ఉండి చేసిన పొరపాటుకు బయటివారి ముందు జవాబు చెప్పవలసింది పనిలో పెట్టినవాడే. అతన్ని కూర్చోబెట్టి అడిగితే ఇంకో సంగతి తెలిసింది. "ఫ్లాట్‌బెడ్ కావాలని అడిగానండి. అది వేరే బేరానికి వెళ్లింది, దీంతోనే లాక్కొచ్చేయమన్నారండి" అన్నాడు. అలాంటప్పుడు నష్టాన్ని అతని జీతంలో కోయడం న్యాయమా? 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనూ, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఒక మాట ఉంది. పనివాడి నిర్లక్ష్యం వల్లనే నేరుగా జరిగిన నష్టమైతేనే కోత వేయాలి, అదీ అతని వివరణ వినే అవకాశం ఇచ్చిన తర్వాతే. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో, కోత కోసిన పనివారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని హెచ్చరించాడు. ఆ మొర క్రేన్ షెడ్డు నుండి కూడా దేవుని చెవికి చేరుతుంది.

ఇప్పుడు బీమా సంగతి. ఇది జాగ్రత్తగా వినండి, రేపు మీ మోటారు సైకిల్‌కైనా పనికొస్తుంది.

పాత బండి ఉన్నవారిలో చాలామంది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకుంటారు. దానితో ఎదుటివారికి జరిగిన నష్టమే వస్తుంది, మన బండికి పైసా రాదు. క్రేన్‌కు పాలసీ ఉంది కదా అంటారా? వాణిజ్య వాహనాల ప్రామాణిక పాలసీలో, లాగుతున్న బండికి జరిగే నష్టాన్ని మినహాయించారు. కాబట్టి మన బండికి ప్యాకేజీ పాలసీ ఉందా అన్నది ముఖ్యం. అందులో ప్రమాదవశాత్తూ బయటి నుంచి తగిలిన దెబ్బలతోపాటు, రోడ్డు మీద, రైలులో, లోతట్టు జలమార్గంలో బండిని తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా ఉంటుంది. మన గోదావరి పంటు మీద ఎక్కించినప్పుడు కూడా అన్నమాట. ప్రమాదం తర్వాత బండిని దగ్గరి షెడ్డుకు చేర్చే ఖర్చు కింద ప్రామాణిక పాలసీలో 1,500 రూపాయల వరకు ఇస్తారు.

మాస్టారికి అదృష్టవశాత్తూ, కాదు, దేవుని దయవల్ల ప్యాకేజీ పాలసీ ఉంది. బండి విలువ 80,000 అని రాసి ఉంది. అయిదేళ్లు దాటిన బండికి ఈ విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. మాస్టారు ప్రీమియం తగ్గుతుందని తక్కువకు ఒప్పుకున్నారు. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం, అంటే 60,000 దాటితే, కంపెనీ బండిని పూర్తి నష్టంగా లెక్కగట్టవచ్చు. అప్పుడు బండి తుక్కు కింద పోయేది. బండిని ప్రేమించేవారు విలువ రాయించేటప్పుడే ఆలోచించాలి.

"ఇది వింటేజ్ కారు కదా" అని మన కుర్రవాళ్లు కొందరు అన్నారు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న సొంత వాహనాలకే వింటేజ్ రిజిస్ట్రేషన్. ఒకసారి అది తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు, పరిశోధనకు తప్ప రోడ్డెక్కకూడదు. రోగులను మోసే బండికి ఆ గౌరవం వద్దులెండి.

బాడీ మరమ్మతుకు మేస్త్రి 52,000 అంచనా వేశాడు. ఇనుప భాగాలు 22,000, రబ్బరు సామాను 2,000, కూలి 20,000, రంగు 8,000. పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకు తరుగుదల 50 శాతం. రబ్బరు, ప్లాస్టిక్‌కి వయసుతో పనిలేకుండా 50 శాతం. రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రిగా తీసుకుని అందులో సగం తగ్గిస్తారు. కూలికి కోత లేదు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం భరించేది 1,000. లెక్క వేస్తే కంపెనీ ఇచ్చేది 38,000, మిగిలినది 14,000. గేర్‌బాక్స్‌కు ఇంకో 18,000. దానిని యాంత్రిక లోపం అని కంపెనీ ఒప్పుకోలేదు. మొత్తం 32,000 తేలింది. ఇది క్రేన్ యజమాని ఇవ్వవలసిన సొమ్ము.

ఇక్కడ రెండు శోధనలు వచ్చాయి.

మొదటిది మేస్త్రి తెచ్చాడు. "పాస్టరు గారూ, వెనక డోరు తుప్పు పట్టింది. దాన్నీ ఇందులో కలిపేద్దాం. సర్వేయరుకి నేను చెప్పుకుంటా. అందరూ చేసేదే" అన్నాడు. నిజం చెబుతున్నాను, నేను ఒక్క క్షణం ఊగాను. ఎంతమంది రోగులను మోసిన బండి! దేవుని పనికే కదా! మాస్టారు మాత్రం మెల్లగా అన్నారు: "ఆ తుప్పు నాదండీ. సముద్రపు గాలికి పట్టింది. క్రేన్ కుర్రాడికి దాంతో ఏం సంబంధం?" నాకు సిగ్గేసింది. బీమా సొమ్ము కంపెనీ సొమ్ము అనుకుంటాం. అది మనలాంటి వేలాది మంది ప్రీమియం కట్టి ఒకచోట చేర్చిన సొమ్ము. అందులోంచి అబద్ధంతో తీసుకోవడం లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పిన పాపమే. పొరుగువాడు నమ్మి అప్పగించిన దాని విషయంలో అబద్ధమాడినవాడు మొత్తం తిరిగి ఇచ్చి, ఐదో వంతు అదనంగా కలపాలని అక్కడ ఉంది.

రెండవ శోధన క్రేన్ యజమాని తెచ్చాడు. "అయిదు వేలు ఇస్తాను, ఇక నాతో ఏ లెక్కా లేదని సంతకం పెట్టండి" అన్నాడు. మాస్టారు పెట్టబోయారు. నేను చేయి పట్టుకుని ఆపాను. బీమా కంపెనీ మనకు చెల్లించిన తర్వాత, ఆ మేరకు తప్పు చేసినవాడి నుండి వసూలు చేసుకునే హక్కు దానికి వస్తుంది. ముందే మనం "అంతా చెల్లు" అని రాసిస్తే ఆ హక్కును పాడుచేసినట్టే. దానిని సాకుగా చూపి కంపెనీ మన క్లెయిమ్‌నూ ఆపవచ్చు. మన వాటాను మనం క్షమించవచ్చు. ఇంకొకరి హక్కును మనం క్షమించలేం. అలాగే ఒకే నష్టానికి కంపెనీ దగ్గరా, క్రేన్ యజమాని దగ్గరా రెండుసార్లు పుచ్చుకోకూడదు. అది లాభం అవుతుంది, పరిహారం కాదు.

చివరికి ఏమైంది? మా మందిరం వరండాలో నలుగురం కూర్చున్నాం: మాస్టారు, క్రేన్ యజమాని, కుర్రవాడు, నేను. కాగితం మీద లెక్క రాశాం. క్రేన్ యజమాని కూడా గొప్ప ధనవంతుడేమీ కాదు, బండి మీద ఫైనాన్స్ వాయిదాలు ఉన్నాయి. బీమా వర్తించని గేర్‌బాక్స్ ఖర్చు 18,000 ఆరు నెలల వాయిదాల్లో ఇస్తానన్నాడు. బాడీ మరమ్మతులో కంపెనీ ఇవ్వని 14,000 మాస్టారు తనకు తానుగా వదులుకున్నారు. కొత్త భాగాలు నా బండికి వచ్చాయి కదా అన్నారు. కంపెనీ హక్కు జోలికి పోలేదు, కాగితం మీద ఆ మాట రాశాం. కుర్రవాడి జీతంలో ఒక్క రూపాయి కోయనని కూడా రాయించాం. నాలుగు వాయిదాలు వచ్చాయి. రెండు ఇంకా రావాలి. నెలకొకసారి నేనే గుర్తుచేస్తున్నాను. న్యాయం అంటే ఒక్కరోజు పంచాయితీ కాదని ఇప్పుడు తెలుస్తోంది.

యౌవనులారా, మీకు కొన్ని ఆచరణీయమైన మాటలు. బండిని ఎత్తేముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. నిర్గమకాండము చీలిన పశువును సాక్ష్యంగా తెమ్మన్నది, మన చేతిలో ఫోను ఉంది. ఎలా లాగుతున్నారో అడగండి. దెబ్బ తగిలితే అక్కడే ఫొటో తీసి, క్రేన్ వారి చేత రాయించుకుని, అదే రోజు బీమా కంపెనీకి చెప్పండి. సర్వేయరు చూడకముందే పని మొదలుపెట్టవద్దు, మార్చిన పాత భాగాలు పారేయవద్దు. యానాం పొలిమేర దాటాక జరిగితే అక్కడి ఆంధ్రప్రదేశ్ పోలీసులకు చెప్పాలి, మన పుదుచ్చేరి స్టేషనుకు కాదు. దూరానికి ట్రాన్స్‌పోర్టు కంపెనీలో బుక్ చేసి పంపితే, బుక్ చేసిన 180 రోజుల లోపల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. లేకపోతే 2007 రోడ్డు రవాణా చట్టం కింద దావా నిలవదు.

కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల లోపల సరైన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. పరిపాలనలో మనం పుదుచ్చేరి వాళ్లమే గాని, ఈ విషయంలో యానాం హైదరాబాదు కార్యాలయం కిందికి వస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. క్రేన్ యజమాని మీద గాని, షెడ్డు మీద గాని అయితే వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు. 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. మన సంఘాల్లో చదువుకున్న యౌవనులు, ఇవి తెలియని పెద్దలకు ఒక దరఖాస్తు రాసిపెడితే అదీ పరిచర్యే.

మంచి సమరయుని కథ మనందరికీ తెలుసు. గాయపడినవాడిని తన వాహనం మీద ఎక్కించుకున్నాడని చెప్పుకుంటాం. తర్వాత సంగతి మరచిపోతాం. అతడు పూటకూళ్లవాడికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు చెల్లిస్తానని మాట ఇచ్చాడు. జాలిపడినవాడే లెక్క కూడా చూశాడు. తన జాలి ఖర్చు పూటకూళ్లవాడి మీద పడనివ్వలేదు. జక్కయ్య కూడా యేసును ఇంటికి చేర్చుకున్న రోజున పాటలు పాడి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

మాస్టారి అంబాసిడర్ ఇప్పుడు మళ్లీ తిరుగుతోంది. వెనక డోరుకు తుప్పు అలాగే ఉంది. వచ్చే క్రిస్మస్‌కు డబ్బు కూడబెట్టి చేయించుకుంటారట. మనలో ప్రతి ఒక్కరి చేతిలో ఎవరో ఒకరి తాళంచెవి ఉంది. యజమానుల చేతిలో పనివారి బ్రతుకు, పనివారి చేతిలో ఇతరుల వస్తువు, నావంటి కాపరుల చేతిలో సంఘస్థుల నమ్మకం. అది ఇచ్చినవారు తిరిగి అడిగే రోజున, దాచకుండా లెక్క చెప్పగలిగే కృపను ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.